మొదటి పేజీకి ఎక్కని మార్కులు

కామాకు ముందు ముక్క

ఇంగ్లీషు వాక్యంలో కామాకు ముందు ఉండే ముక్కను పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం ఉద్యోగంలో చేరిన ఆరో ఏడు గాని నాకు చేతకాలేదు. మొత్తం చేసింది ముప్పై నాలుగేళ్ల రెండు నెలలు. జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌ని. చల్లపల్లిలో ఏడేళ్లు, పామర్రులో పదహారేళ్ల రెండు నెలలు, విజయవాడలో పదకొండేళ్లు. ఈ ఏడు కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న అమ్మాయిలు ముగ్గురు మా ఇంటికి వచ్చి, గ్రామర్ ఎలా చెప్పాలో నాలుగు పేజీలు రాసి ఇమ్మన్నారు. గ్రామర్ పుస్తకాల్లో ఉంది. వాటిలో లేనిది రాస్తున్నాను.

చల్లపల్లిలో పని చేసే రోజుల్లో ఆదివారం విజయవాడలో అమ్మ దగ్గర ఉండి, సోమవారం తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కేదాన్ని. కంకిపాడు దాటేవరకు సగం నిద్ర. ఉయ్యూరు దగ్గర చెరుకు రసం కాగుతున్న వాసన తగిలితే కళ్లు తెరిచేదాన్ని. శీతాకాలంలో కాలువ మీద మంచు ఎంత దట్టంగా పట్టేదంటే నీళ్లు కనిపించేవి కావు. నీటి మీద ఉన్నవి మాత్రం గాలిలో తేలుతున్నట్టు కనిపించేవి. గుర్రపుడెక్క గుబుర్లు, వాటి మీద కొంగలు, ఎవరిదో కొట్టుకుపోతున్న గడ్డిమోపు. ఏది నేలకు కట్టి ఉందో, ఏది కొట్టుకుపోతోందో తెలిసేది కాదు.

ఒక సోమవారం ముందు లారీ ఏదో ఆగిపోయి, మా బస్సు లాకుల దగ్గర ఇరవై నిమిషాలు నిలబడిపోయింది. గట్టున గుంజకు కట్టిన ఖాళీ పడవ ఒకటి ఉంది. గట్టు దిగి వచ్చిన మొదటి మనిషి అందులో ఎక్కి తాడు విప్పుకున్నాడు. అతను కదిలేలోగా మంచులోంచి ఇంకో పడవ వచ్చింది. దానిలో మనిషి ముందే ఉన్నాడు, గడ వేసుకుంటూ ఎవరినీ చూడకుండా మా పక్కనుంచి వెళ్లిపోయాడు. నేను ఆరేళ్లుగా బోర్డు మీద చెప్పలేకపోయింది అక్కడ నీళ్ల మీద కనిపించింది.

పార్టిసిపియల్ ఫ్రేజ్ ఖాళీ పడవ. ‘వాకింగ్ ఆన్ ది బండ్’ అన్నామనుకోండి, గట్టు మీద నడుస్తూ అని. నడిచేది ఎవరు? ఆ ముక్కలో లేరు. కామా దాటగానే మొదట కనిపించిన మనిషి ఆ పడవ ఎక్కేస్తాడు. ‘సీత సా ఎ కింగ్‌ఫిషర్’ అంటే సీత ఎక్కింది. బాగానే ఉంది. ‘ది కింగ్‌ఫిషర్ ఫ్ల్యూ అవే’ అని రాస్తే లకుముకి పిట్టే గట్టు మీద నడిచింది. ఆబ్సొల్యూట్ ఫ్రేజ్ అలా కాదు. తన మనిషిని తానే ఎక్కించుకుని వస్తుంది. ‘ది లాక్స్ హ్యావింగ్ ఓపెన్డ్, ది బోట్స్ మూవ్డ్.’ లాకులు తెరుచుకోగా పడవలు కదిలాయి. తెరుచుకున్నవి లాకులు, కదిలినవి పడవలు. ఒకదాని పని ఇంకొకటి తన మీద వేసుకోదు. పక్కపక్కనే వెళతాయి.

ఆ వారం నుంచి ప్రతి ముక్కకూ ఒకటే ప్రశ్న వేసేదాన్ని: పడవలో ఎవరు? పిల్లలు నాకు పడవ మేడమ్ అని పేరు పెట్టారని రెండేళ్ల తరువాత తెలిసింది. ఒకరోజు బోర్డు మీద ఒక తప్పు వాక్యం రాశాను. ‘ఓపెనింగ్ ది గేట్, ది కౌ కేమ్ ఇన్.’ గేటు తీస్తూ ఆవు లోపలికి వచ్చిందట, ఇందులో తప్పేమిటని అడిగాను. వెనక బెంచీలో సుబ్బారావు అనే కుర్రవాడు లేచాడు.

“తప్పేం లేదండీ. మా ఆవు తీసుద్దండీ.”

“ఎలా తీస్తుంది?”

“కొమ్ముతో గడియ ఎత్తేసుద్దండీ. మా నాన్న రెండుసార్లు మార్చాడు గడియ. మీరొకసారి వస్తే చూపిస్తాను.”

క్లాసంతా నవ్వింది. నీకు రైటు, మిగతా నలభై ఏడు మందికీ తప్పు అన్నాను. ఇప్పటికీ ఆ తీర్పు సరైనదే అనుకుంటాను. వాక్యం తప్పా ఒప్పా అన్నది రాసినవాడు ఏం చూశాడన్న దాని మీద ఉంటుంది.

ఇంకో మాట. మన పిల్లలు ఈ తప్పు తెలివితక్కువతనంతో చెయ్యరు. వానలు కురిసి చేలు పండాయి అంటాం. కురిసింది వాన, పండింది చేను. అయినా మనలో ఎవరికీ తడబాటు రాదు. మన భాషలో ఒక పడవలో ఇద్దరికి చోటుంది. ఆ అలవాటుతో ఇంగ్లీషులోకి వచ్చిన పిల్లను చూసి నవ్వే లెక్చరర్‌కు ఇంగ్లీషు ఎంత వచ్చో గాని, తెలుగు రాదు.

విశ్వనాథం గారి లెక్క

పామర్రులో నాకు పైన ఉన్న సీనియర్ లెక్చరర్ విశ్వనాథం గారు. చొక్కా జేబులో రెండు పెన్నులు, భుజం మీద తువ్వాలు. పిల్లల పేర్లు కాక వాళ్ల మార్కులు గుర్తుపెట్టుకునేవారు. “ఆ నలభై రెండు ఎక్కడమ్మా, ఇయ్యాళ రాలేదా?” అని అడిగేవారు.

ఆ రోజుల్లో మా పేపర్లో సొంత వాక్యాలు రాయమనే ప్రశ్న ఒకటి ఉండేది, అయిదు మార్కులకు. పార్టిసిపియల్ ఫ్రేజులు, ఆబ్సొల్యూట్ ఫ్రేజులు వాడి అయిదు వాక్యాలు. దానికి బదులు ఖాళీలు పూరించే ప్రశ్న రాసుకోవచ్చు. విశ్వనాథం గారి లెక్క ఏమిటంటే, ఖాళీలు బట్టీ పెడితే సగటున మూడు వస్తాయి, సొంత వాక్యాలు రాస్తే సగటున ఒకటి కూడా రాదు. కాబట్టి సొంత వాక్యాల పాఠం చెప్పనవసరం లేదు. ఆ ఆరు పీరియడ్లు ఖాళీలకు వాడితే ఎనిమిది మంది ఎక్కువ పాసవుతారు. ఆయన కాగితం మీద వేసి చూపించారు. నేను సరిచూశాను. లెక్కలో తప్పు లేదు.

అయినా నేను ఆ ఆరు పీరియడ్లూ చెప్పాను. ఆయన రెండుసార్లు మందలించి మూడోసారి ఊరుకున్నారు. నా క్లాసులో కూడా పరీక్షలో ఆ ప్రశ్న రాసినవాళ్లు లేరు. అది నాకు తెలుసు. అయితే ఎందుకు చెప్పావంటే, నాకు ఇష్టం గనక. ఆ ఆరు పీరియడ్లలో మధ్యాహ్నం పూట కిటికీ పక్క పిల్లలు బయటికి చూస్తూ వాక్యాలు అల్లేవారు. గాలి వీస్తుండగా, మా అవ్వ నిద్రపోతుండగా, చెరువులో నీళ్లు తగ్గిపోగా. సగం చెప్పి ఆగిపోయేవారు. ఆ సగం దగ్గర క్లాసు అంతా కాసేపు నిశ్శబ్దంగా ఉండేది. ఇది ఏ లెక్కలోకీ రాదు. ఉద్యోగంలో నాకు మిగిలినవి ఆ మధ్యాహ్నాలు.

కాని మార్కులంటే నాకు లెక్కలేదని అనుకోకండి. చల్లపల్లిలో నా ఆఖరి ఏడు నాగవేణి అనే అమ్మాయి ఉండేది. సముద్రం ఒడ్డు ఊరు. తల్లి చేపలు తెచ్చి సంతలో అమ్మేది. పెళ్లి గాని గంప గాని, రెండూ ఒక ఏడాది ఆపుతాను, పాసైతే డిగ్రీకి పంపుతాను అని తల్లి మాట ఇచ్చింది. నాగవేణికి ఇంగ్లీషులో ముప్పై ఒకటి వచ్చింది. పాస్ మార్కు ముప్పై అయిదు. మళ్లీ పరీక్ష ఉంది, ఫీజు నేనే కడతాను అని చెప్పడానికి సంతకు వెళ్లాను. తల్లి కత్తిపీట ముందు కూర్చుని నా మాట అంతా విని అడిగింది.

“నాలుగు మార్కులంటే ఎన్నండీ? మాకాడైతే నాలుగు చేపలు తక్కువైతే కొసరు అడుగుతారు, మేం వేస్తాం. మీకాడ కొసరు ఉండదాండీ?”

ఉండదని చెప్పాను. నాగవేణి పక్కనే ఉంది. నా వంక చూడలేదు. మళ్లీ పరీక్షకు రాలేదు.

క్యాంపు

ఇంటర్ పేపర్లు దిద్దే చోటును మేము క్యాంపు అనేవాళ్లం. నేను చెబుతున్నది నా తొమ్మిదో క్యాంపు సంగతి. విజయవాడలో ఒక పాత కాలేజీ హాలు. వేసవి నడిమధ్య. ఎక్కడో వేరే జిల్లా పేపర్లు వచ్చేవి. పిల్లల నంబర్లు చింపేసి కోడ్ వేసి ఇస్తారు కనుక పేరు తెలియదు, ఊరు తెలియదు, ఆడో మగో తెలియదు. పొద్దున పదిహేను, మధ్యాహ్నం పదిహేను.

పని ఇలా ఉండేది. ప్రతి జవాబు పక్కన ఎర్ర పెన్నుతో మార్కు వేసి సున్నా చుడతాం. పేపరు అయ్యాక మొదటి పేజీకి వచ్చి, అక్కడున్న గళ్లలో ఒక్కో ప్రశ్న మార్కు ఎక్కించి కూడతాం. దానిని పోస్టింగ్ అంటారు. ఆ గళ్లలో ఉన్నదే ఆ పిల్లల మార్కు. లోపల ఎంత వేసినా మొదటి పేజీకి ఎక్కకపోతే లేనట్టే. మా తరువాత స్క్రూటినైజర్ ఒకరు పేజీలు తిప్పి సరిచూస్తారు. ఆ ఏడు నా బల్లకు రాజ్యలక్ష్మి, ఉద్యోగంలో చేరి ఏడాది అయిన అమ్మాయి. ఆ పైన చీఫ్ ఎగ్జామినర్ సంతకం. మా చీఫ్ విశ్వనాథం గారే. సాయంత్రానికి ముప్పై పేపర్లూ కట్ట కట్టి, లక్క వేసి, గదిలో పెట్టి తాళం వేస్తారు. మర్నాడు పది గంటలకు వ్యాను వచ్చి తీసుకుపోతుంది. వ్యాను ఎక్కిన కట్ట మళ్లీ మా చేతికి రాదు.

అయిదో రోజు మధ్యాహ్నం పదకొండో పేపరులో జవాబులు అయిపోయాయి. రెండు పేజీలు ఖాళీ. తరువాత పేజీ నిండా చిత్తు రాత, అడ్డంగా గీత. నేను ఏ పేపరైనా చివరి అట్ట దాకా తిప్పుతాను. తిప్పితే ఆఖరి పేజీలో ఉంది, సొంత వాక్యాల ప్రశ్న. ఆ అయిదు రోజుల్లో దాన్ని రాసినది ఆ ఒక్క పేపరే. మూడో వాక్యం ఇది: ‘ది టైడ్ హ్యావింగ్ గాన్ అవుట్, ది బోట్స్ లే డౌన్ ఆన్ ది మడ్ లైక్ బఫెలోస్.’ సముద్రం వెనక్కి తగ్గగా, పడవలు బురదలో గేదెల్లా పడుకున్నాయి.

అయిదు వాక్యాల్లో ఒకదానిలో పడవలోకి తప్పు మనిషి ఎక్కాడు. నాలుగు మార్కులు వేసి చుట్టూ సున్నా చుట్టాను. తల ఎత్తి కిటికీలోంచి చూశాను. ఎదుటి కొండ మీద ఎండ తెల్లగా కరిగిపోతోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, అరవై మంది తలలు వంచుకుని ఉన్నారు, ఎక్కడో కాగితం తిప్పిన చప్పుడు అలలా వచ్చి పోతోంది. ఎంతసేపు చూశానో తెలియదు. అటెండర్ మజ్జిగ గ్లాసు పెట్టాడు. తాగి, పేపరు మూసి, మొదటి పేజీ కూడి, పన్నెండో పేపరు తీశాను.

బస్సులో

సాయంత్రం పామర్రు బస్సు ఎక్కాను. ముందు సీట్లో విశ్వనాథం గారు తువ్వాలు తల మీద కప్పుకుని కునుకుతున్నారు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కనుక రోడ్డు పక్కన నీళ్లు లేవు. అడుగున నల్లటి బురద, పగుళ్లు. పొద్దు వాలుతోంది. కంకిపాడు దాటాక ఒక చోట రెండు పడవలు బురదలో పక్కకు ఒరిగి ఉన్నాయి.

గేదెల్లా, అనుకున్నాను. ఆ వాక్యం తనంతట తాను వచ్చింది, కామాతో సహా. ఎర్ర సున్నాలో నాలుగు కూడా కళ్ల ముందుకు వచ్చింది. దాని వెనకే మొదటి పేజీ రావాలి, రాలేదు. ఆ గడిలో నాలుగు రాస్తున్న నా చెయ్యి ఎంత తలుచుకున్నా కనిపించలేదు.

నాకు ఒక చెడ్డ అలవాటు ఉండేది. దిద్దిన పేపరు వరస నంబరు, మొత్తం మార్కు చిన్న నోటుబుక్కులో రాసుకునేదాన్ని. అలా రాసుకోకూడదు. తీసి చూశాను. మధ్యాహ్నం, పదకొండు: ముప్పై రెండు. ఆ నాలుగు అందులో కలిసి ఉంటే ఫెయిలు. కలవకుండా ఉంటే ముప్పై ఆరు.

లేచి వెళ్లి విశ్వనాథం గారి పక్కన కూర్చున్నాను. నిద్రలేపి జరిగింది చెప్పాను. ఆయన నోటుబుక్కు వంక చాలాసేపు చూశారు.

“ఇది కూడా చెప్పాలిగా రేపు.”

“చెప్పాలండీ.”

“అమ్మాయ్ శకుంతలా, ఎక్కించావేమో. ఎండలో కళ్లు తిరిగి మరిచిపోయావేమో. కల కన్నట్టు చెబుతున్నావు.”

“అయుండొచ్చండీ. చూస్తే తెలుసుద్ది.”

 ఉయ్యూరు దాటాక ఆయన మెల్లగా, తనకు జూన్‌లో రిటైర్మెంటని, కట్ట మీద సంతకం తనదని, సంతకం పెట్టిన కట్ట విప్పితే సంజాయిషీ అడుగుతారని, పెన్షన్ కాగితాలు ఆగుతాయని చెప్పారు. అన్నీ నిజమే. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు, చిన్నమ్మాయి ఇంకా చదువుతోంది. పేరు తెలియని పిల్ల కోసం ఇంత ఎందుకు, ఒక్క సబ్జెక్టేగా, మళ్లీ రాసుకుంటారుగా అన్నారు.

“మళ్లీ రాయనివాళ్లను చూశానండీ,” అన్నాను.

పామర్రులో దిగి, వస్తానని గాని రానని గాని చెప్పకుండా ఆయన తన దారిన వెళ్లిపోయారు.

తొమ్మిదీ ముప్పై అయిదు

మర్నాడు మొదటి బస్సుకు బయలుదేరాను. విశ్వనాథం గారు అందులో లేరు. ఎనిమిదిన్నరకు క్యాంపు ఆఫీసర్ వచ్చారు. ఆయన నా మాట కోపం లేకుండా విన్నారు, అదే నాకు భయం వేసింది. పేపరు గురించి చెప్పాను, నోటుబుక్కు చేతికి ఇచ్చాను. నా మీదా విశ్వనాథం గారి మీదా రిపోర్టు కాగితం పైకి పంపక తప్పదన్నారు. తప్పదన్నాను. అయినా కట్ట విప్పాలంటే దాని మీద సంతకం పెట్టిన చీఫ్ ఎగ్జామినర్ రాసి ఇవ్వాలి, ఆయన రాయకపోతే పది గంటలకు వ్యాను వెళ్లిపోతుంది, నేనేమీ చెయ్యలేను అన్నారు.

రాజ్యలక్ష్మి వచ్చి నా పక్కన నిలబడింది. ఆ మధ్యాహ్నం ఖాళీ పేజీలు చూసి అక్కడితో అయిపోయిందనుకున్నానని, అట్ట దాకా తిప్పలేదని తనే చెప్పింది. నేను అడగలేదు. తొమ్మిది అయింది. తొమ్మిదీ పది అయింది. వ్యాను వచ్చి వేపచెట్టు కింద ఆగింది.

తొమ్మిదీ ఇరవైకి విశ్వనాథం గారు గేటు దగ్గర రిక్షా దిగారు. లోపలికి వచ్చి తువ్వాలుతో మొహం తుడుచుకుని, కాగితం అడిగి, నిలబడే రెండు లైన్లు రాసి సంతకం పెట్టారు. నా వంక చూడలేదు.

లక్క పగలగొట్టి కట్ట విప్పారు. రాజ్యలక్ష్మి తీసింది పదకొండో పేపరు. ఆఖరి పేజీ. ఎర్ర సున్నాలో నాలుగు. మొదటి పేజీ. ఆ గడి ఖాళీ. నాలుగు ఎక్కించాను, ముప్పై రెండు కొట్టేసి ముప్పై ఆరు వేశాను, ముగ్గురం సంతకాలు చేశాం. తొమ్మిదీ ముప్పై అయిదు. నాకు ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే గర్వంగా ఉంది. నేను గుర్తుపెట్టుకున్నాను గనక ఒక పిల్ల గట్టెక్కింది అనుకున్నాను. కట్టకు తాడు చుట్టడం మొదలుపెట్టాను.

“ఆగమ్మాయ్,” అన్నారు విశ్వనాథం గారు. “ఆ వాక్యం బాగుంది. గుర్తుంది. గుర్తుంది గనక వచ్చావు. గుర్తులేనివో?”

 క్యాంపు ఆఫీసర్ గడియారం వంక చూసి, వ్యాను అన్నారు.

“ఆగుద్దండీ. ఎటూ నాకు కాగితం వస్తది. ఒకదానికైతేనేం, ముప్పైకైతేనేం.”

ఆయన పది తీసుకున్నారు, రాజ్యలక్ష్మి పది, నేను తొమ్మిది. అట్ట నుంచి అట్టకు, లోపలి మార్కులు ఒక కాగితం మీద వేసుకుని మొదటి పేజీతో సరిచూశాం. హాలులో మిగతావాళ్లు వచ్చి కూర్చుంటున్నారు.  నా తొమ్మిదీ సరిపోయాయి. విశ్వనాథం గారివి పదీ సరిపోయాయి. రాజ్యలక్ష్మి ఏడోది చూస్తూ ఆగిపోయింది. మళ్లీ కూడింది. పేపరు నా ముందు పెట్టి, వేలు చూపించింది.

ముందురోజు పొద్దున దిద్దినవాటిలో ఆరో పేపరు. లెటర్ రైటింగ్ ప్రశ్న, అయిదు మార్కులకు. నేను రెండు వేశాను. పేపరు మధ్యలోనే ఉంది, ఖాళీ పేజీలు లేవు, చిత్తు రాత లేదు. మొదటి పేజీలో ఆ గడి ఖాళీ. మొత్తం ముప్పై మూడు.

వ్యాను పదీ ఇరవైకి కదిలింది.

ఆ తరువాత

నన్ను మూడేళ్లు క్యాంపుకు పిలవలేదు. విశ్వనాథం గారి పెన్షన్ నాలుగు నెలలు ఆలస్యమైంది. ఆయన రిటైరైన రోజు టీ పార్టీలో నా పక్కకు వచ్చి, ఆ ఆరు పీరియడ్లు మానకు అని చెప్పి వెళ్లిపోయారు. చాలా ఏళ్లు ఆయనను మార్కుల మనిషి అనుకున్నాను. మార్కుల మనిషే. మార్కులంటే నాకంటే ఆయనకే బాగా తెలుసు.

మీకు పనికొచ్చే మాట ఒక్కటి. పోస్టింగ్ అయ్యాక పేపరు చివరి నుంచి మొదటికి తిప్పండి. ఎర్ర సున్నాలు లెక్కపెట్టండి, నిండిన గళ్లు లెక్కపెట్టండి, రెండూ ఒకటి కావాలి. పేపరుకు నలభై సెకన్లు పడుతుంది. ముప్పై పేపర్లకు ఇరవై నిమిషాలు. ఇప్పుడు గళ్లు కంప్యూటరు చూసుకుంటుందని మీరు అంటారు. గడిలో అంకె వెయ్యాల్సింది ఇప్పటికీ మీ చెయ్యే.

ఆ తొమ్మిదో క్యాంపుకు ముందు నేను ఎనిమిది క్యాంపులు చేశాను, పదమూడేసి రోజులు, రోజుకు ముప్పై. మూడువేల నూట ఇరవై పేపర్లు. ఆ క్యాంపులోనే మొదటి నాలుగు రోజులవి నూట ఇరవై. మొత్తం మూడువేల రెండు వందల నలభై. అవన్నీ వ్యాన్లు ఎక్కి వెళ్లిపోయాయి. వాటిలో ఎన్ని గళ్లు ఖాళీగా వెళ్లాయో నాకు తెలియదు. పదకొండో పేపరుకు సాకు ఉంది. ఆఖరి పేజీ, కిటికీ, ఎండ, మంచి వాక్యం. ఆరో పేపరుకు ఏ సాకూ లేదు. అందులో నన్ను ఆపేది ఏమీ లేదు, అందుకే ఆగలేదు.

ఆ రోజు రెండు మార్కులు ఎక్కించి సంతకం చేసే ముందు ఆ ఉత్తరం మళ్లీ చదివాను. మొదటి నుంచి చివరి దాకా, ఒక్కో మాటా, ఈసారి గుర్తుపెట్టుకోవాలని పట్టుదలగా చదివాను. సాయంత్రం బస్సు ఎక్కేసరికి మరిచిపోయాను. ఎవరికి రాసిందో, ఏమి అడిగిందో, చేతిరాత ఎలా ఉందో ఒక్కటీ చెప్పలేను. మార్కులు మాత్రం చెప్పగలను. ముప్పై మూడు, రెండు. ముప్పై అయిదు.